తోట మనది, ధర ఎవరి చేతిలో?

పత్తి పెట్టుబడి కూడా రాబట్టడం లేదు. మిర్చి ఒక ఏడు లేపుతుంది, రెండేళ్లు ముంచుతుంది. 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలు మిర్చికి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చిందంటే, యార్డుల్లో ధర ఎంత దిగజారిందో వేరే చెప్పనక్కరలేదు. సుబాబుల్ వేసినవారు కర్ర కొట్టించి పంపాక డబ్బుల కోసం తిరిగిన తిరుగుళ్లు అందరికీ తెలిసినవే. ఇలాంటి రోజుల్లోనే జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో కొత్త పంటల మాట పుడుతుంది. మొన్న శ్రీగంధం అన్నారు. నిన్న డ్రాగన్ ఫ్రూట్ అన్నారు. ఇప్పుడు ద్రాక్ష అంటున్నారు.

ఈ మాట ఊరికే పుట్టలేదు. నాసిక్ వెళ్లి తోటలు చూసొచ్చినవారు ఉన్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు సెలవు రోజున వారు తీసుకెళ్లగా, ద్రాక్షతోటలనూ ఆ తోటలోనే వైన్ తయారుచేసి సీసాల్లో అమ్మే రైతులనూ చూసొచ్చిన తల్లిదండ్రులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. 'అక్కడ రైతే తోట వేస్తాడు, రైతే రసం తీస్తాడు, రైతే అమ్ముతాడు. మన దగ్గర ఎందుకు కాదు?' అని వారు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి 'లాభం' అనో 'నష్టం' అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పడం సరికాదు. ద్రాక్షలో రకాలేమిటి, ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఎందుకు అన్నది చూడాలి. ఏ రకం నాటాలి అన్న ప్రశ్న కంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉందని మేము భావిస్తున్నాం. కోసిన గుత్తిని కొనేవారు ఎందరు? రసం తీసే యంత్రం ఎవరిది?

తెలుగు నేలకు ద్రాక్ష కొత్త కాదు

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష సాగుకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్ది చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో వెలుగులోకి తెచ్చిన అనాబ్-ఎ-షాహీ రకం తర్వాతి కాలంలో దక్షిణాది అంతా పాకింది. పెద్ద కాయ, లేత పసుపు రంగు, గింజ ఉన్న రకం. రాతి స్తంభాలు పాతి, తీగలు అల్లి, పందిరి మీద పాకించిన ఆ తోటల్లో ఎకరానికి 14, 15 టన్నులు దిగడం సాధారణం. మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్లు ఎకరాల కొద్దీ కనిపించేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే నడిచింది. ఆ తర్వాత గింజలేని థామ్సన్ సీడ్‌లెస్ వచ్చింది. తినడానికీ పనికొస్తుంది, ఎండబెడితే కిస్మిస్ అవుతుంది.

మరి ఆ తోటలన్నీ ఏమయ్యాయి? కాయ పక్వానికి వచ్చే వేళ అకాల వర్షాలు, వడగళ్లు వచ్చాయి. బోర్లు ఎండాయి. కత్తిరింపులకూ గుత్తుల పలుచనకూ కూలీ ఖర్చు పెరిగింది. అన్నిటినీ మించి నగరం పెరిగి, పందిరి వేసిన ఎకరం మీద పండే ద్రాక్ష కంటే ఆ ఎకరం ప్లాట్లుగా ఎక్కువ పలికింది. తోటలు పోయి వెంచర్లు వచ్చాయి. ఆ రైతుకు సాగు చేతకాక తోట పోలేదు. దిగుబడిలో దేశానికి పాఠం చెప్పినవారు వాళ్లు. పంట గెలిచింది, ధర ఓడింది. ఈ ముక్క గుర్తుపెట్టుకుందాం.

ఒక్క విషయంలో మాత్రం ఆ రైతుకు ఊరట ఉండేది. ఆయన ద్రాక్షను తోపుడుబండి మీదా కొంటారు, పెళ్లి వంటలోకీ కొంటారు, దూరపు మండీకీ పంపవచ్చు. కొనేవారు వందల మంది. వైన్ ద్రాక్ష అలా కాదు.

తినే ద్రాక్ష వేరు, వైన్ ద్రాక్ష వేరు

మనం బజారులో కొనే ద్రాక్ష పెద్దగా, పలుచని తోలుతో, వీలైతే గింజ లేకుండా ఉండాలి. వైన్‌కు కావలసింది దాదాపు తలకిందులు. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. రంగు, వాసన, వగరు తోలులోనూ గింజలోనూ ఉంటాయి కాబట్టి గుజ్జు తక్కువైనా పరవాలేదు. దిగుబడి పెంచితే రసం పలుచబడుతుందని కంపెనీలే గుత్తుల సంఖ్య తగ్గించమంటాయి. తీపి కూడా ఎక్కువ కావాలి. బజారు ద్రాక్షకు 16 నుంచి 18 బ్రిక్స్ ఉంటే కోసేయవచ్చు. వైన్ రకాలను చాలావరకు 22 దాటేదాకా తీగ మీదే ఉంచుతారు. నాసిక్‌లో వేసే కాబెర్నే సావిన్యాన్, షిరాజ్, షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ అన్నీ ఐరోపా నుంచి వచ్చిన ఇలాంటి రకాలే.

దీని అర్థం రైతుకు ఏమిటి? షిరాజ్ గుత్తిని తీసుకెళ్లి నందిగామ సెంటర్లో పెడితే ఎవరూ కొనరు. గింజలెక్కువ, కండ తక్కువ. ఎండబెడితే మంచి కిస్మిస్ కాదు. అది వెళ్లాల్సింది ఒక్క చోటికే. పైగా ద్రాక్ష కోశాక పండదు, తీపి పెరగదు, ఎండలో ఒక రోజు ఉంటే పులియడం మొదలవుతుంది. అరటిగెలను మాగబెట్టవచ్చు. మిర్చిని శీతల గిడ్డంగిలో పెట్టి ఆరు నెలలు ఆగవచ్చు. సుబాబుల్ కర్రను కూడా ధర రాకపోతే ఇంకో ఏడు చేలోనే ఉంచవచ్చు. వైన్ ద్రాక్ష రైతుకు ఆగే వీలే లేదు. లారీ గేటు దగ్గర నిలబడ్డాక కొలిచే మనిషి 'బ్రిక్స్ తక్కువుంది, ఇంత తగ్గిస్తాం' అంటే ఆ రైతు చేయగలిగింది ఏమీ ఉండదు. పత్తిలో తేమ 8 శాతం దాటిందని కోత, 12 దాటిందని వాపసు, మిర్చిలో తాలు పేరుతో తరుగు చూసినవాళ్లం మనం. ఈ కథ ఎలా ఉంటుందో మనకు ఊహించడం కష్టం కాదు.

మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. తెలుగు మాట్లాడే రైతులు ఎందరో ఉన్న కోలారు, చిక్కబళ్లాపురం వైపూ, బెంగళూరు గ్రామీణ ప్రాంతంలోనూ పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నిజానికి అది ఇసబెల్లా అనే అమెరికా రకం. నల్లని కాయ, ఘాటైన వాసన, వేడికీ తెగుళ్లకూ ఓర్చుకునే గుణం. తింటారు, జ్యూస్ తీస్తారు, చౌక వైన్‌కూ వాడతారు. మూడు దారులు ఉండటమే దాని బలం. పేరుగొప్ప ఐరోపా రకాల కంటే ఈ మొరటు రకం రైతును ఎక్కువ కాలం నిలబెట్టింది. వైన్‌లో పేరున్న రకం, రైతును బతికించే రకం ఎప్పుడూ ఒకటే కానక్కరలేదు.

నాసిక్ నేర్పిన పాఠం

మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చింది. పన్ను రాయితీలు ఇచ్చింది. నాసిక్ జిల్లా వించూరులోనూ, మన కృష్ణమ్మ ఎగువన సాంగ్లీ జిల్లా పలూస్‌లోనూ వైన్ పార్కులు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందే నాసిక్‌లో మొదలైన సులా కంపెనీ విజయం చూసి డజన్ల కొద్దీ వైనరీలు వచ్చాయి. ఒప్పంద సేద్యం పేరుతో రైతుల చేత థామ్సన్ తీయించి వైన్ రకాలు నాటించారు. కిలోకు ఇంత అని మాట ఇచ్చారు. నాలుగైదేళ్లు బాగానే నడిచింది.

2008లో ప్రపంచ మాంద్యం వచ్చింది. ఆ ఏడాది నవంబరులో ముంబయి మీద దాడి జరిగింది. హోటళ్లు ఖాళీ అయ్యాయి, వైన్ అమ్మకాలు పడిపోయాయి. పీపాల్లో నిల్వ పేరుకుపోయిన వైనరీలు కొత్త పంటను తీసుకోవడం మానేశాయి. కొన్ని డబ్బు ఎగవేశాయి. ఒక పెద్ద కంపెనీ ఏకంగా మూతపడే దశకు చేరింది. ఒప్పంద పత్రం చేతిలో ఉన్న రైతుకు ఆ పత్రం కాగితంగానే మిగిలింది. కొందరు వైన్ తీగలు పీకి మళ్లీ తినే రకాలు అంటుకట్టుకున్నారు. అంటుకట్టిన తీగ మళ్లీ కాపుకు వచ్చేదాకా ఆ భూమి ఖర్చు రైతుదే. ఈ మధ్యలో నష్టపోయిన కంపెనీకి దివాలా చట్టం ఉంది. నష్టపోయిన రైతుకు ఏముంది?

అదే నాసిక్‌లో మరో దారి కూడా కనిపిస్తుంది. మోహాడిలోని సహ్యాద్రి ఫార్మ్స్ రైతులే వాటాదారులుగా మొదలైన ఉత్పత్తిదారుల కంపెనీ. ఎగుమతి ద్రాక్షలో దేశంలోనే ముందు వరుసలో నిలిచింది. గ్రేడింగ్, శీతల గిడ్డంగి, ప్యాకింగ్ సొంతంగా ఏర్పాటు చేసుకుంది. ఎగుమతిలోనూ గండాలు లేకపోలేదు. 2010లో ఒక హార్మోను మందు అవశేషాలున్నాయని ఐరోపా దేశాలు మన ద్రాక్ష కంటెయినర్లను వెనక్కి తిప్పడంతో నష్టం రైతుల దాకా వచ్చింది. అలాంటి దెబ్బ ఒక్కో రైతు మీద విడివిడిగా పడితే కుప్పకూలుతాడు. పది గ్రామాల రైతులు కలిసి మోస్తే తట్టుకుంటారు.

అమెరికా రైతు ఎలా నిలబడ్డాడు?

ఇక మన పిల్లల దగ్గరికి వెళ్లినవారు చూసిన ఆ అందమైన తోటల సంగతి. అవి ప్రకృతి ఇచ్చినవి కావు, కంపెనీలు ఇచ్చినవీ కావు. పోరాటం, చట్టం, సహకారం కలిసి ఇచ్చినవి.

న్యూయార్క్ రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అనే సరస్సుల ప్రాంతం ఉంది. చలి ఎక్కువ కాబట్టి అక్కడ మొదట నాటినవి స్థానిక అమెరికా రకాలు. నల్లని కాంకర్డ్, ఎర్రని కటాబా, తెల్లని నయాగరా. ఆ తర్వాత అమెరికా, ఫ్రెంచి రకాలను కలిపిన సంకరాలు సేవాల్, విడాల్ వచ్చాయి. ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన కాన్స్టాంటిన్ ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుడు చలిని తట్టుకునే వేరు మీద అంటుకట్టి రీస్లింగ్ వంటి ఐరోపా రకాలను కూడా అక్కడ నిలబెట్టి, 1962లో సొంత వైనరీ పెట్టాడు. ఇదంతా వ్యవసాయ శాస్త్రం. కానీ శాస్త్రం ఒక్కటే రైతును కాపాడలేదు.

1970ల్లో అక్కడి పెద్ద వైన్ కంపెనీలు స్థానిక ద్రాక్ష కొనడం తగ్గించి, కాలిఫోర్నియా నుంచి చౌకగా రసం తెప్పించుకోవడం మొదలుపెట్టాయి. తరతరాలుగా ఒకే కంపెనీకి కాయ పోసిన కుటుంబాలకు కొనేవాడు లేకుండా పోయాడు. అప్పటిదాకా రైతు సొంతంగా వైన్ తీసి అమ్మాలంటే పెద్ద కంపెనీకి ఉన్నంత భారీ లైసెన్సు, సవాలక్ష షరతులు. రైతుల ఒత్తిడితో 1976లో న్యూయార్క్ రాష్ట్రం ఫామ్ వైనరీ చట్టం తెచ్చింది. చిన్న రైతు తక్కువ రుసుముతో, ఆ రాష్ట్రంలో పండిన ద్రాక్షతోనే వైన్ చేసి, తోట దగ్గరే నేరుగా అమ్ముకోవచ్చు. అప్పట్లో ఆ రాష్ట్రం మొత్తంలో ఇరవై లోపు వైనరీలుంటే, ఇప్పుడు నాలుగు వందలు దాటాయి. మనవాళ్లు సెలవు రోజున చూసినవి ఎక్కువగా ఈ చట్టం పుట్టించినవే.

రెండో ఉదాహరణ ఇంకా మనకు దగ్గరది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం అమలైంది. వైనరీలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. అయినా కాంకర్డ్ రైతులు పూర్తిగా చితికిపోలేదు. కారణం ఆ రకంతో మద్యం లేని ద్రాక్షరసం తీసే పరిశ్రమ అప్పటికే ఉండటం. 1869లో న్యూజెర్సీలో వెల్చ్ అనే దంతవైద్యుడు ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిల్వ చేసే పద్ధతి కనుక్కున్నాడు. ఆ పేరుతోనే పెద్ద కంపెనీ పెరిగింది. 1956లో ఆ కంపెనీని కాంకర్డ్ పండించే రైతుల సహకార సంఘమే కొనేసింది. ఇవాళ్టికీ ఆ సీసా మీద పేరు కంపెనీదే, యజమానులు మాత్రం రైతులు.

మన కృష్ణా మిల్క్ యూనియన్ గుర్తొస్తోందా? పాలు కూడా ద్రాక్షలాగే ఆగవు. పొద్దున పిండిన పాలు సాయంత్రానికి అమ్ముడుపోవాలి. అయినా జగ్గయ్యపేట, నందిగామ గేదెల రైతు ఏ ఒక్క వ్యాపారి దయ మీదా ఆధారపడకుండా బతకగలిగాడంటే, ఊళ్లో పాల కేంద్రం, విజయవాడలో డెయిరీ సంఘానివి కావడమే కారణం. బోనసు పంపిణీలో తేడాలున్నా, ఎన్నికల్లో రాజకీయాలున్నా, యంత్రం మన చేతుల్లో ఉంది. ఆ తేడా చాలా పెద్దది.

మన మెట్టకు ఇది సరిపడుతుందా?

మొదట నేల, నీరు. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి నేలలు, నందిగామ వైపు రేగడి. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మనవి. కాలువ నీరు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ద్రాక్షకు డ్రిప్‌తో తక్కువ నీరే చాలు, నిజమే. కానీ రేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఉప్పు, సున్నం ఎక్కువున్న చోట డాగ్‌రిడ్జ్ వంటి అమెరికా వేరు మొక్క మీద అంటుకట్టకుండా నాటకూడదని దేశమంతటా అనుభవం చెబుతోంది. మట్టి పరీక్ష చేయించకుండా పందిరి వేయడం అంటే లక్షల రూపాయల జూదం.

తర్వాత వాతావరణం. మన దక్షిణాదిలో ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. అక్టోబరులో కత్తిరించిన తీగ నవంబరులో పూతకొస్తుంది. మనకు తుపానులొచ్చేదీ ఆ నెలల్లోనే. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మన ప్రాంతంలో ఏం చేసిందో పత్తి, మిర్చి రైతులు మరచిపోలేదు. పూత, పిందె దశలో నాలుగు రోజులు ముసురు పడితే బూజు తెగులు గుత్తిని మిగల్చదు. నాసిక్ పొడి శీతాకాలం మనకు లేదు. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి పొలాలను ముంచిన తీరు కూడా లెక్కలో వేసుకోవాలి.

మూడోది భూమి. ద్రాక్షతోట పదిహేనేళ్ల పంట. మన మెట్టలో సాగు చేసేవారిలో ఎక్కువమంది కౌలుదారులు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఇచ్చే కార్డు 11 నెలలది. అదీ యజమాని సంతకం పెడితేనే. పదకొండు నెలల కార్డుతో పదిహేనేళ్ల తోట ఎవరు వేస్తారు? కాబట్టి ద్రాక్ష వస్తే భూమి ఉన్నవారికి వస్తుంది. అప్పటిదాకా ఆ చేను కౌలుకు చేసినవారు బయటికి పోతారు. సుబాబుల్ వచ్చినప్పుడు ఇదే జరిగింది. చేలో పని తగ్గింది, కౌలుకు భూమి తగ్గింది, కూలీలు వలసపోయారు. కొత్త పంటను మెచ్చుకునే ముందు ఈ లెక్క కూడా వేయాలి.

నాలుగోది మద్యం విధానం. దూబగుంట మహిళలు రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. 2019 తర్వాత మద్యం దుకాణాలు ప్రభుత్వం నడిపింది. 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు దుకాణాలు. తీగ వేళ్లూని కాపుకొచ్చేలోపే విధానం తిరగబడుతుంది. మహారాష్ట్రలో 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మవచ్చని ప్రభుత్వం నిర్ణయిస్తే పెద్ద వివాదమే రేగింది. రైతు ఆదాయం పేరు చెప్పి మద్యం అమ్మకాలు పెంచడాన్ని మేము సమర్థించడం లేదు. తాగుడు వల్ల చితికిన కుటుంబాలు మన సంఘం సభ్యుల ఇళ్లలోనూ ఉన్నాయి. ఆ పోరాటంలో నిలబడ్డ మహిళల మాటకు విలువ ఇవ్వాలి. అందుకే మా సలహా స్పష్టం. ద్రాక్ష గురించి ఆలోచించినా వైన్‌తో మొదలుపెట్టొద్దు. తినే ద్రాక్ష, కిస్మిస్, రసం అన్న మూడు దారులున్న రకంతో మొదలుపెట్టాలి.

సుబాబుల్ పాఠం

ఇంత దూరం వెళ్లి నాసిక్‌నూ న్యూయార్క్‌నూ చూశాం. నిజానికి మనకు కావలసిన పాఠం మన చేలోనే ఉంది. మెట్టలో నీరు చాలక, కూలీ దొరకక రైతులు సుబాబుల్ వేశారు. విత్తనం చల్లితే చాలు, మూడు నాలుగేళ్లలో కర్ర అన్నారు. కానీ ఆ కర్ర కొనేది కాగితం మిల్లులు మాత్రమే. లెక్కపెడితే చేతివేళ్లు చాలు. పంట పెరిగేకొద్దీ ధర పడింది. కోత కూలీ, రవాణా అన్నీ రైతు నెత్తినే పడ్డాయి. మార్కెట్ యార్డు ద్వారా, ప్రభుత్వం చూస్తుండగా అమ్మిన కర్రకు కూడా డబ్బు అందక రైతులు ఏళ్ల తరబడి ధర్నాలు చేయాల్సి వచ్చింది. చెట్టు తప్పు చేయలేదు. మెట్ట నేలకు అది చక్కగానే సరిపడింది. కొనుగోలుదారు ఒక్కడే అయితే ఎంత మంచి పంట అయినా ఉరితాడవుతుంది. వైన్ ద్రాక్ష సుబాబుల్ కంటే పదిరెట్లు ఖర్చుతో, ఒక్కరోజు కూడా ఆగే వీల్లేకుండా, అదే ఉచ్చులోకి తీసుకెళ్తుంది.

ఒక లెక్క చూద్దాం. టన్ను ద్రాక్షతో దాదాపు 600 నుంచి 700 లీటర్ల వైన్ వస్తుంది. అంటే 800 నుంచి 900 సీసాలు. కిలో 50 రూపాయలకు అమ్మాడనుకున్నా టన్నుకు రైతుకు దక్కేది 50 వేలు. సీసా 500 అనుకున్నా ఆ సరుకు విలువ 4 లక్షలు దాటుతుంది. అందులో పన్నులు, సీసా, పీపా, నిల్వ, దుకాణం వాటా పోతాయి, కాదనం. కానీ ఆ 50 వేలకూ 4 లక్షలకూ మధ్య ఉన్న మెట్లలో ఏ ఒక్కటీ రైతుది కాకపోతే, ఎంత మేలు రకం నాటినా మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. పత్తి నుంచి చొక్కా దాకా, మిర్చి నుంచి కారం ప్యాకెట్టు దాకా మన కథ ఇదే.

సభ్యులకు, ప్రభుత్వానికి

ద్రాక్ష వేయాలనుకుంటున్న సభ్యులకు మా సూచనలు ఇవి. ఉన్న భూమంతా పెట్టొద్దు. ముందు గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి, నీరు పరీక్ష చేయించి వారి మాట వినండి. మొక్కలమ్మే నర్సరీ వాళ్ల మాట మీద, యూట్యూబ్ వీడియో మీద నిర్ణయం తీసుకోవద్దు. ఏ కంపెనీ ఒప్పంద పత్రం తెచ్చినా తెలుగులో ఉంటేనే చదవండి, సంఘం చేత చూపించకుండా సంతకం పెట్టొద్దు. నాణ్యత కొలిచే పరికరం కంపెనీ దగ్గరే కాదు, రైతు దగ్గరా ఉండాలి. బ్రిక్స్ చూసే రిఫ్రాక్టోమీటరు జేబులో పట్టేంత చిన్నది. పది మంది రైతులు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. కాటా ఎలా మనదైతే మేలో ఇదీ అలాగే.

ప్రభుత్వానికి మా డిమాండ్లు ఇవి.

ఒకటి, మెట్టలో ద్రాక్షను ప్రోత్సహించే ముందు వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో మన నేలల్లో కనీసం మూడు నాలుగేళ్లు ప్రయోగ క్షేత్రాలు వేసి, ఫలితాలు రైతుల ముందు పెట్టాలి. రాయితీలు ఆ తర్వాతే.

రెండు, ఏ పంటలోనైనా ఒప్పంద సేద్యం చేయించే కంపెనీ ఒక సీజను కొనుగోలు విలువకు సరిపడే బ్యాంకు హామీ ముందే ప్రభుత్వం దగ్గర ఉంచాలి. వివాదం వస్తే రైతుకు కోర్టుకు వెళ్లే హక్కు ఉండాలి. 2020 నాటి ఒప్పంద సేద్య చట్టం సివిల్ కోర్టుల తలుపు మూసి ఆర్డీవో దగ్గరికి పొమ్మంది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పోరాడి 2021లో ఆ చట్టాలను రద్దు చేయించారు. అవే నిబంధనలు రాష్ట్రాల ద్వారా దొడ్డిదారిన రాకుండా చూడాలి.

మూడు, గ్రేడింగ్, శీతల గిడ్డంగి, రసం తీసే యూనిట్లను రైతు సహకార సంఘాలకూ ఉత్పత్తిదారుల సంఘాలకూ ఇవ్వాలి. మామిడి, టమాటా, నిమ్మ, ద్రాక్ష, ఏది వచ్చినా అదే యూనిట్ వాడుకునేలా కట్టాలి. ఒక్క పంట మీద కట్టిన షెడ్డు ఆ పంటతోపాటే మూతపడుతుంది.

నాలుగు, కౌలుదారుకు యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా గుర్తింపు కార్డు ఇవ్వాలి. దీర్ఘకాలిక పంటలకు దీర్ఘకాలిక కౌలు రక్షణ ఉండాలి.

ఐదు, సుబాబుల్ రైతులకు రావాల్సిన బకాయిలు వడ్డీతో సహా ఇప్పించాలి. పాత పంట డబ్బు చేతికి రాకుండా కొత్త పంట గురించి మాట్లాడే నైతిక హక్కు ఎవరికీ లేదు.

ఫ్రాన్సు ద్రాక్షతోటలన్నీ పంతొమ్మిదో శతాబ్దిలో వేరు పురుగు పట్టి ఎండిపోతుంటే, ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టి వాటిని బతికించారు. పైన కనిపించే కొమ్మ ఏ రకమైనా కావచ్చు, వేరు గట్టిదైతేనే తోట నిలుస్తుంది. రైతుకు ఆ వేరు సంఘం. పంట ఏది వేయాలన్న నిర్ణయం రేపు మీ ఊరి రచ్చబండ మీద జరిగేటప్పుడు రకం పేరుతోపాటు ఈ మూడు ప్రశ్నలూ అడగండి: కొనేది ఎవరు, కొలిచేది ఎవరు, యంత్రం ఎవరిది? మూడింటిలో ఒక్కదానికైనా 'మనమే' అన్న జవాబు వచ్చేదాకా పందిరి స్తంభాలకు గుంటలు తవ్వొద్దు. ఆ జవాబు తెచ్చే పనిలో మన సంఘం మీతో ఉంటుంది. వచ్చే నెల మండల మహాసభల్లో దీని మీదే చర్చిద్దాం. మీ ఊరి అనుభవాలు రాసి పంపండి.